తలరాత నుంచి నరాల అల్లిక దాకా

మన భాషలో 'తలరాత' అన్న మాటకున్న పలుకుబడి మరే తాత్విక పదానికీ లేదు. పంట ఎండినా, కాపురం చెడినా, పిల్లవాడికి చదువు అబ్బకపోయినా ఆ ఒక్క మాటతో లెక్క తేలిపోతుంది. పుర్రె మీది వంకర గీతలను చూపి ఇదే బ్రహ్మ రాసిన రాత అని చెప్పే పెద్దలు మన పల్లెల్లో ఉండేవారు. అవి పుర్రె ఎముకలు ఒకదానితో ఒకటి అతుక్కున్న గుర్తులని ఇవాళ హైస్కూలు పిల్లలకు కూడా తెలుసు. అంతమాత్రాన తలరాత పోయిందా? పోలేదు, వేషం మార్చుకుంది. "వాడి మెదడు అల్లికే అంత", "ఆడవాళ్ళ మెదడులో వైరింగే వేరు", "లెక్కలు కొందరి నరాల్లోనే ఉంటాయి" అని ఇప్పుడు చదువుకున్నవాళ్ళే అంటున్నారు. ఉపాధ్యాయుల గదుల్లో, పత్రికల్లో, ఉద్యోగాలిచ్చే చోట్ల ఈ మాటలు వినిపిస్తున్నాయి. బ్రహ్మ కూర్చున్న పీట మీద నాడీశాస్త్రాన్ని కూర్చోబెట్టారు. రాతను మాత్రం చెరగనిదిగానే ఉంచారు.

నాడీశాస్త్రం నిజంగా ఈ మాట చెబుతున్నదా? మెదడులోని భౌతిక నిర్మాణానికీ, అంటే ఏ కణం ఏ కణంతో కలిసి ఉన్నదన్న అల్లికకూ, ఆ మెదడు చేసే పనికీ మధ్య ఉన్న సంబంధం ఎలాంటిది? ఈ ప్రశ్నకు రెండు వందల ఏళ్ళ పైబడిన చరిత్ర ఉంది. సాహిత్య విమర్శలో మనం 'పునాది - ఉపరితలం' పేరుతో చేస్తూ వచ్చిన చర్చకు ఈ ప్రశ్న దగ్గరి చుట్టం. నిర్మాణం తెలిస్తే చర్య దానంతటదే తెలిసిపోతుందనే యాంత్రిక వాదమూ, చర్యకు నిర్మాణంతో నిమిత్తం లేదనే భావవాదమూ ఆ చరిత్రలో పక్కపక్కనే నడిచాయి. ఆ రెంటి మధ్య నుంచి సత్యం ఎలా దారి చేసుకున్నదో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1. బుడిపెల శాస్త్రం

ఫ్రాంజ్ జోసెఫ్ గాల్ (1758-1828) వియన్నాలో వైద్యుడు. మనసు నివాసం మెదడేననీ, మెదడు ఒకే ముద్ద కాదనీ, వేరువేరు శక్తులకు అందులో వేరువేరు చోట్లు ఉన్నాయనీ ఆయన బోధించాడు. అలాంటి 27 శక్తులను లెక్కించాడు. ఈ ఉపన్యాసాలు మతానికీ నీతికీ చేటు తెస్తాయని 1801 చివర ఆస్ట్రియా చక్రవర్తి వాటిని నిషేధించాడు. ఆత్మను మెదడులోకి దించడం ఆ రోజుల్లో రాజద్రోహానికి ఒక మెట్టు మాత్రమే తక్కువ. ఆ మేరకు గాల్ చేసింది సాహసమే, భౌతికవాదానికి చేసిన సేవే. పైగా ఆయన మెదడును కోసి, తెల్లని పోగులు ఎటు నుంచి ఎటు పోతున్నాయో శ్రద్ధగా పరిశీలించినవాడు కూడా.

అయితే తర్వాతి అడుగు తప్పటడుగు అయింది. ఏ శక్తి ఎక్కువైతే ఆ చోటు ఉబ్బుతుందనీ, ఆ ఉబ్బు పుర్రె మీద బుడిపెగా తేలుతుందనీ, కనుక తల తడిమి గుణం చెప్పవచ్చుననీ ఆయన తీర్మానించాడు. ఇందులో నిర్మాణం నుంచి చర్యకు ఒక్క గెంతే ఉంది. మధ్యలో పరీక్ష లేదు. ఆ ఖాళీలోకి వచ్చి కూర్చున్నది అప్పటి సమాజపు నమ్మకం. దొంగతనం, హింస, దైవభక్తి అనే పేర్లను ఆ బుడిపెలకు ప్రకృతి పెట్టలేదు. వాటిని అప్పటి మర్యాదస్తులే పెట్టారు.

గాల్‌కు జవాబు ఫ్రాన్సు నుంచి వచ్చింది. పియెర్ ఫ్లూరెన్స్ పావురాల మీద, కోళ్ళ మీద, కుందేళ్ళ మీద శస్త్రచికిత్సలు చేసి 1824లో ఫలితాలు ప్రకటించాడు. మెదడు వెనుక భాగంలోని చిన్నమెదడు కదలికల పొందికకు అవసరమని చూపాడు. పెద్దమెదడులో మాత్రం ఏ భాగం తీసినా అన్ని శక్తులూ కలిసే తగ్గుతాయనీ, అది అవిభాజ్యంగా పనిచేస్తుందనీ అన్నాడు. గాల్ పద్ధతితో పోలిస్తే ఇది నిజమైన ప్రయోగం. కానీ దాని వెనుక ఉన్న తాత్వికతను కూడా చూడాలి. 1842లో బుడిపెల శాస్త్రాన్ని ఖండిస్తూ రాసిన పుస్తకాన్ని ఫ్లూరెన్స్ డెకార్ట్ స్మృతికి అంకితమిచ్చాడు. ఆత్మ అవిభాజ్యం కనుక మెదడూ అవిభాజ్యం కావాలి! ఇద్దరూ చెరొక సగం సత్యం పట్టుకుని రెండో సగాన్ని తోసిపుచ్చారు.

2. ఏడు పుర్రెల ప్రయాణం

ఈ వాదం యూరపులోని విద్వత్సభలకే పరిమితమై ఉంటే మనం ఇంత దూరం చెప్పుకోనవసరం లేదు. అది ఓడలెక్కి మన దేశానికి వచ్చింది. 1830 దశకంలో మధ్య భారతంలోని సాగర్‌లో ఠగ్గులుగా ముద్రపడి ఉరితీయబడిన వారి పుర్రెలు ఏడింటిని హెన్రీ స్ప్రై అనే కంపెనీ వైద్యుడు ఎడింబరోలోని బుడిపెల శాస్త్ర సంఘానికి పంపించాడు. హంతకుల పుర్రెలు గనుక హింసా ప్రవృత్తి బుడిపె పెద్దదిగా ఉండాలి. తీరా చూస్తే అది అనుకున్నంత పెద్దగా లేదు. సిద్ధాంతం ఓడిపోవాల్సిన చోటు అది. కానీ ఓడలేదు. వేరే బుడిపెల కొలతలు తెచ్చి ఆ లోటు పూడ్చుకున్నారు. ఏ ఫలితం వచ్చినా ఒప్పే సిద్ధాంతాన్ని శాస్త్రం అనలేం.

ఒకడి నేరాన్ని అతని పుర్రెలో వెతికే చూపుకూ, ఒక కులం మొత్తాన్ని పుట్టుకతోనే నేరస్థులుగా చూసే చూపుకూ దూరం ఎక్కువ లేదు. 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టం బుడిపెల శాస్త్రాన్ని పేర్కొనలేదు, నిజమే. దాని ఆధారం కులవృత్తి వంశపారంపర్యమనే భావన. కానీ రెంటిలోనూ తర్కం ఒకటే. మనిషి చేసే పని అతని శరీరంతో పాటే పుడుతుంది. ఉప్పూ ధాన్యమూ ఎద్దుల మీద వేసుకుని ఊరూరా తిరిగి బతికిన ఎరుకల వారికి ఆ చట్టం కింద 1913లో స్టూవర్టుపురం సెటిల్‌మెంటు కట్టారు. రైళ్ళు వచ్చి వారి ఉప్పు వ్యాపారాన్ని ఎలా దెబ్బతీశాయో ఎవరూ కొలవలేదు. 1952లో చట్టం రద్దయింది. ముద్ర మాత్రం అంత త్వరగా రద్దు కాలేదు.

3. మాట పోయినవాడు, చదువు పోయినవాడు

పారిస్ దగ్గర బిసెత్ర్ ఆసుపత్రిలో లెబోర్న్ అనే రోగి 21 ఏళ్ళు ఉన్నాడు. అంతకు ముందు అతను చెప్పులు కుట్టేందుకు వాడే కొయ్య అచ్చులు చెక్కే కార్మికుడు. చెప్పింది అర్థమయ్యేది, తను చెప్పబోతే మాత్రం 'తాన్' అనే ఒక్క పలుకే వచ్చేది. 1861 ఏప్రిల్ 17న అతను చనిపోయాడు. సర్జన్ పాల్ బ్రోకా మెదడు తీసి చూస్తే ఎడమవైపు ముందు భాగంలో కణజాలం చెడిపోయి ఉంది. మాటకు మెదడులో ఒక చోటు ఉన్నదనడానికి ఇది బలమైన సాక్ష్యమైంది. బుడిపెలను తడమడానికీ దీనికీ ఉన్న తేడా స్పష్టం. ఇక్కడ ఒక జీవితం, ఒక లోపం, ఒక శవపరీక్ష ఉన్నాయి.

అదే బ్రోకా స్త్రీల మెదడు పురుషుల మెదడుకన్నా తక్కువ తూగుతుందని లెక్కగట్టి, స్త్రీల బుద్ధి తక్కువదనే నమ్మకానికి దాన్ని తోడు తెచ్చుకున్నాడు. శరీర పరిమాణంలోని తేడాతో ఆ తూకం తేడా చాలావరకు వివరించవచ్చునన్న సంగతి ఆయనకు తెలియనిది కాదు. ఒక చేత్తో శాస్త్రం, ఇంకో చేత్తో దురభిమానం. ఒకే మనిషిలో రెండూ ఇమడగలవని మనం మరవకూడదు.

1874లో కార్ల్ వెర్నిక్ ఈ చర్చను కొత్త మలుపు తిప్పాడు. అప్పటికి ఆయన వయసు 26 ఏళ్ళు. మాటలను అర్థం చేసుకునే చోటు బ్రోకా చెప్పిన చోటుకు వెనకగా, చెవికి దగ్గరగా ఉన్నదని చూపాడు. అంతకంటే ముఖ్యమైన మాట మరొకటి అన్నాడు. రెండు చోట్లూ బాగానే ఉండి, వాటిని కలిపే పోగులు మాత్రమే తెగితే ఏమవుతుంది? రోగికి అర్థమవుతుంది, మాటా వస్తుంది, విన్నదాన్ని తిరిగి పలకడం మాత్రం తడబడుతుంది. ఇలాంటి రోగులు తర్వాత కనిపించారు. 'ఎక్కడ' అన్న ప్రశ్న స్థానంలో 'దేనితో దేనికి' అన్న ప్రశ్న వచ్చింది.

దీనికి కళ్ళకు కట్టే ఉదాహరణ 1892లో ఫ్రెంచి వైద్యుడు దెజెరిన్ ప్రకటించిన రోగి కథ. బాగా చదువుకున్న ఒక వర్తకుడు ఒకనాడు హఠాత్తుగా చదవలేకపోయాడు. చూపు పోలేదు, మాట పోలేదు, విచిత్రంగా రాయడమూ పోలేదు. తన చేత్తో తాను రాసిన కాగితాన్నే చదవలేడు! అక్షరం వంపులను వేలితో దిద్దితే మాత్రం అది ఏ అక్షరమో గుర్తుపట్టేవాడు. చనిపోయాక చూస్తే మెదడు వెనుక ఎడమవైపు దెబ్బతిన్నది. దానితో పాటు రెండు అర్ధగోళాలను కలిపే కార్పస్ కలోసం అనే తెల్లని పోగుల వంతెనకు వెనుక కొస కూడా చెడింది. కుడివైపున కన్ను చూసిన అక్షరం ఎడమవైపున్న భాషను చేరే దారి మూసుకుపోయింది. ఈ వంతెన వెనుక కొసను పాఠకులు గుర్తుంచుకోవాలి. నూట పదిహేడేళ్ళ తర్వాత దీన్ని మనం మళ్ళీ చూడబోతున్నాం.

లెబోర్న్ మెదడు ఇప్పటికీ పారిస్‌లో భద్రంగా ఉంది. 2007లో దాన్ని ఆధునిక యంత్రాలతో స్కాన్ చేస్తే, దెబ్బ పై పొరలోనే ఆగలేదనీ, లోపలి పొడవాటి పోగుల కట్టల దాకా పోయిందనీ తేలింది. బ్రోకా మెదడును కోయకుండా పైనుంచి చూశాడు కనుక చోటు కనిపించింది, దారి కనిపించలేదు.

4. ఒకే బహుమతి, రెండు మెదళ్ళు

దారులు నిజంగా ఎలా ఉన్నాయో చూడాలంటే కణాన్ని చూడాలి. 1873లో ఇటలీ శాస్త్రజ్ఞుడు కమిల్లో గోల్జీ వెండి లవణంతో కణాలను నల్లగా అద్దే పద్ధతి కనిపెట్టాడు. వేలాది కణాల్లో కొన్ని మాత్రమే, కానీ కొమ్మా రెమ్మతో సహా, ఆ రంగు పట్టుకునేవి. అదే పద్ధతిని మెరుగుపరచి 1888 నుంచి స్పెయిన్‌కు చెందిన రమోన్ ఇ కహాల్ తన బొమ్మలు ప్రచురించాడు. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఒకే రంగుతో అద్దిన ఒకే రకం కణాలను చూసి ఇద్దరూ రెండు భిన్నమైన మెదళ్ళను చూశారు. మెదడంతా అతుకు లేని ఒకే వల అన్నాడు గోల్జీ. కణాలు విడివిడిగా ఉండి, ఒకదాని కొస మరొకదాన్ని తాకేంత దగ్గరగా వచ్చి ఆగుతుందన్నాడు కహాల్. బహుమతి స్వీకరిస్తూ చేసిన ప్రసంగంలోనే గోల్జీ, కహాల్ సమర్థించిన సిద్ధాంతాన్ని ఖండించాడు. మెదడు మొత్తంగా పనిచేస్తుందన్న తన నమ్మకమే గోల్జీకి సూక్ష్మదర్శినిలో వలగా కనిపించింది. 1950 దశకంలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కణానికీ కణానికీ మధ్య సందును చూపించింది. అది మిల్లీమీటరులో యాభై వేలో వంతు. షెరింగ్టన్ అంతకు చాలా ముందే, 1897లో, ఆ కలయికకు 'సినాప్సు' అని పేరు పెట్టాడు.

ఈ చిన్న సందు తెచ్చిన మార్పు చిన్నది కాదు. అతుకు లేని వల అయితే ఒకచోట పుట్టిన సంకేతం అన్ని చోట్లకూ పాకుతుంది. సందు ఉంటే దాటాలి. దాటవచ్చు, దాటకపోవచ్చు. ఎంత సులువుగా దాటుతుందన్నది మారవచ్చు. 1949లో డొనాల్డ్ హెబ్, కలిసి పదేపదే పనిచేసిన కణాల మధ్య ఆ దాటడం సులువవుతుందని ప్రతిపాదించాడు. నేర్చుకోవడం, జ్ఞాపకం, అలవాటు అన్నీ ఆ సందులోనే చోటు వెతుక్కున్నాయి. నిర్మాణం లోపలే మార్పుకు తలుపు ఉందన్నమాట.

5. లూరియా చూపు

యాంత్రికతకూ భావవాదానికీ మధ్య దారి వెతికినవారిలో సోవియట్ శాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ లూరియా (1902-1977) ముఖ్యుడు. చదవడం, లెక్కించడం, ఆలోచించడం వంటి పనులకు మెదడులో 'ఒక చోటు' ఉండదనీ, అనేక చోట్లు ఒక పని కోసం కూడి పనిచేసే వ్యవస్థ ఉంటుందనీ ఆయన అన్నాడు. చోటు ఒక్కటి దెబ్బతిన్నా పని చెడుతుంది. చెడిన తీరు మాత్రం ఏ చోటు దెబ్బతిన్నదో దాన్ని బట్టి మారుతుంది. ఈ కూటమి పుట్టుకతో సిద్ధంగా ఉండదు. భాష, పనిముట్లు, చదువు అనే సామాజిక సాధనాల ద్వారా పుట్టిన తర్వాత కూడుతుంది. లూరియా ఈ దృష్టిని తన సహచరుడు వైగోట్‌స్కీతో కలిసి రూపొందించుకున్నాడు.

1943లో స్మోలెన్స్క్ ప్రాంతపు యుద్ధంలో జసెట్‌స్కీ అనే సైనికుడి తలలో తూటా దిగింది. చదువు పోయింది, జ్ఞాపకం ముక్కలైంది. అక్షరం అక్షరం గుర్తు తెచ్చుకుని రాయబోతే చేయి సాగేది కాదు. కలం ఎత్తకుండా, ఆలోచించకుండా గొలుసుగా రాస్తే మాట వచ్చేదని అతను ఒకనాడు తెలుసుకున్నాడు. పాత దారి తెగింది, కానీ చేతి అలవాటనే మరో దారి మిగిలింది. ఆ దారినే పాతికేళ్ళలో సుమారు మూడు వేల పేజీలు రాశాడు. రాసిందాన్ని చదువుకోవడం అతనికి గగనమే. దెజెరిన్ రోగిలో తెగిన అల్లిక ఏమి పోగొట్టగలదో కనిపిస్తే, జసెట్‌స్కీలో మిగిలిన అల్లికతో మనిషి ఏమి చేయగలడో కనిపిస్తుంది.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. లూరియా 1931, 1932 సంవత్సరాల్లో ఉజ్బెకిస్తాన్ పల్లెల్లో చదువురాని రైతుల ఆలోచనా సరళిని పరిశీలించాడు. సుత్తి, రంపం, గొడ్డలి, దుంగ చూపించి, వీటిలో చేరనిది ఏదంటే, దుంగ లేకపోతే రంపంతో పనేమిటన్నారు వాళ్ళు. కొద్దిపాటి చదువు అందినవారు పనిముట్లను వేరు చేశారు. పుట్టుకలో తేడా లేదు, బతుకులో తేడా ఉంది. రైతు జవాబులో తెలివితక్కువతనం ఏమీ లేదనీ, అది పనిలో పుట్టిన తర్కమనీ మనం కలుపుకోవాలి. అయితే ఈ పరిశోధన జాతులను అవమానిస్తుందన్న విమర్శకు గురై నలభై ఏళ్ళు వెలుగు చూడలేదు. 1950లో మాస్కో సమావేశాలు పావ్‌లోవ్ సూత్రాలను అధికార సిద్ధాంతంగా ప్రకటించాక, లూరియా న్యూరోసర్జరీ సంస్థలో తన స్థానం కోల్పోయాడు. భౌతికవాదం పేరుతోనే భౌతికవాదిని పక్కకు నెట్టారు. పిడివాదం ఎవరి పక్షాన నిలబడినా సత్యానికి శత్రువే.

6. పురుగు, పీత, ఈగ

అల్లిక మొత్తం తెలిస్తే చర్య తెలిసిపోతుందా? ఈ ప్రశ్నను ఊహతో తేల్చనవసరం లేదు. ఒక ప్రాణి విషయంలో అల్లిక మొత్తం తెలిసి నాలుగు దశాబ్దాలు కావస్తున్నది. మిల్లీమీటరు పొడవుండే ఒక నులిపురుగుకు 302 నాడీకణాలు ఉంటాయి. కేంబ్రిడ్జిలో సిడ్నీ బ్రెన్నర్ బృందం ఆ పురుగును పలుచని పొరలుగా కోసి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో ఫొటోలు తీసి, పోగు పోగునూ చేత్తో గుర్తించి, 1986లో 340 పేజీల పటాన్ని ప్రచురించింది. ఆ పటం లేకుండా తర్వాతి పరిశోధన లేదు. కానీ ఆ పటం చూసి పురుగు ఈ క్షణంలో ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పలేకపోయారు.

ఎందుకు? జవాబులో కొంత భాగం పీతలు, సముద్రపు రొయ్యల కడుపు నుంచి వచ్చింది. వాటి పొట్ట కండరాలను ఆడించే నాడీముడిలో సుమారు 30 కణాలే ఉంటాయి. అమెరికాలో ఈవ్ మార్డర్ వంటివారు దశాబ్దాలుగా దాన్ని పరిశీలించి, ఆ ముడిని తడిపే రసాయనాలు మారితే అదే అల్లిక వేరే లయలో పనిచేస్తుందని చూపారు. కణాలు కూడా ఒక కూటమిని వదిలి మరో కూటమిలో చేరుతున్నాయి. 2004లో ఆమె బృందం ఇలాంటి అల్లికకు కంప్యూటర్‌లో రెండు కోట్లకు పైగా నమూనాలు కట్టి చూసింది. లోపలి బలాబలాలు ఎంతో తేడాగా ఉన్న నమూనాలు కూడా ఒకే లయను ఇచ్చాయి. ఒకే అల్లిక నుంచి అనేక చర్యలు వస్తున్నాయి, అనేక ఏర్పాట్ల నుంచి ఒకే చర్య వస్తున్నది.

డెల్టా రైతుకు ఇది సులువుగా అర్థమవుతుంది. కాలువల పటం చేతిలో ఉంటే నీరు ఏ పొలానికి పోగలదో, ఏ మెరకకు ఎప్పటికీ ఎక్కదో చెప్పవచ్చు. ఇవాళ ఏ చేలో నీళ్ళున్నాయో ఆ పటం చెప్పదు. అది లాకులు ఎత్తడాన్ని బట్టి, వంతును బట్టి, పైన కురిసిన వానను బట్టి ఉంటుంది. పటం అబద్ధం కాదు. అది చాలదు, అంతే.

2024లో ఈగ మెదడు పటం పూర్తయింది. అందులో 1,39,255 నాడీకణాలు, 5 కోట్లకు పైగా సినాప్సులు ఉన్నాయి. దాని సాయంతో ఏ పోగు ఏ పనిలో పాల్గొంటున్నదో ఊహించి, ఆ ఊహను ప్రయోగంతో సరిచూసే పని సాగుతున్నది. పటం తీర్పు చెప్పదు గానీ సరైన ప్రశ్నలు అడగడం నేర్పుతుంది.

7. మనిషి మెదడు పటం

మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. బతికున్న మనిషి మెదడును పొరలుగా కోయలేం. అందుకని రెండు పరోక్ష పద్ధతులు వచ్చాయి. ఒకటి నిర్మాణానిది. నీటి అణువులు పోగుల వెంట సులువుగానూ అడ్డంగా కష్టంగానూ కదులుతాయి. ఆ కదలికను అయస్కాంత యంత్రంతో కొలిచి పోగుల కట్టలు ఎటు పోతున్నాయో అంచనా కడతారు. రెండోది చర్యది. పనిచేసే చోటికి రక్తం ఎక్కువగా వస్తుంది గనుక ఆ రక్తంలోని ఆక్సిజన్ మార్పును కొలుస్తారు. 1995లో భరత్ బిస్వాల్, ఆయన సహచరులు ఒక వింత చూపారు. మనిషి ఏ పనీ చేయక ఊరికే పడుకుని ఉన్నప్పుడు కూడా కుడి ఎడమ చేతులను ఆడించే చోట్లలో హెచ్చుతగ్గులు జతగా సాగుతున్నాయి. ఇలా జతగా సాగడాన్ని 'క్రియాత్మక సంబంధం' అన్నారు. 2005లో మెదడు అల్లిక మొత్తం పటానికి 'కనెక్టోమ్' అని పేరు పెట్టారు. 2010లో అమెరికాలో భారీ నిధులతో మానవ కనెక్టోమ్ ప్రాజెక్టు మొదలై, సుమారు 1,200 మంది యువతీయువకుల మెదళ్ళను చిత్రించింది.

రెండు పటాలనూ ఒకదాని మీద ఒకటి పరిచి చూస్తే ఏమైంది? 2009లో వచ్చిన ఒక ముఖ్యమైన అధ్యయనం ఇలా తేల్చింది. రెండు చోట్ల మధ్య బలమైన పోగుల కట్ట ఉంటే అవి సాధారణంగా జతగా పనిచేస్తాయి. కానీ జతగా పనిచేసే చోట్ల మధ్య నేరుగా పోగులు ఉండి తీరాలని లేదు. మూడో చోటు ద్వారా, నాలుగో చోటు ద్వారా అవి జతకూడవచ్చు. తర్వాతి పరిశోధనల్లో మరో సంగతి బయటపడింది. చూపు, స్పర్శ, కదలిక వంటి ప్రాథమిక పనుల చోట్ల నిర్మాణమూ చర్యా దగ్గరగా సరిపోలుతున్నాయి. జ్ఞాపకం, అర్థం, ఆలోచన వంటి పనులకు తోడ్పడే చోట్లకు వచ్చేసరికి ఆ పోలిక సడలుతున్నది. ఏ పనులను మనం విశేషంగా మానవీయమని అంటామో అక్కడే పటానికీ పనికీ మధ్య ముడి వదులుగా ఉంది.

ఇంత జాగ్రత్తగా చెప్పవలసిన సంగతిని పత్రికలు ఎలా చెప్పాయో చూడండి. 2013 చివర, 949 మంది పిల్లల, యువకుల మెదడు అల్లికలను పోల్చిన ఒక అమెరికా అధ్యయనం, సగటున మగవారిలో ముందువెనకల సంబంధాలూ, ఆడవారిలో కుడి ఎడమల సంబంధాలూ ఎక్కువన్నది. మర్నాటికల్లా ఆడవాళ్ళు ఇంటి పనులు ఒకేసారి చక్కబెట్టడానికీ, మగవాళ్ళు దారి పటాలు చదవడానికీ పుట్టారన్న శీర్షికలు వెలువడ్డాయి. 2015లో 1,400కు పైగా మెదడు చిత్రాలను పరిశీలించిన మరో అధ్యయనం, ఒక్కొక్కరి మెదడూ 'ఆడ', 'మగ' అనుకునే లక్షణాల కలగాపులగమేనని చూపింది. అది అంతగా శీర్షికలకు ఎక్కలేదు. బ్రోకా త్రాసు పోయింది, పోగుల పటం వచ్చింది. తూకం వేసే చేయి మాత్రం మారలేదు.

8. నడక వేసిన దారి

ఇంతవరకూ నిర్మాణం చర్యకు హద్దు గీస్తుందేగాని దాన్ని నిర్ణయించదని చూశాం. సంబంధంలో రెండో సగం ఇంకా ముఖ్యమైనది. చర్య తిరిగి నిర్మాణాన్ని మలుస్తుంది. 1963లో హ్యూబెల్, వీజెల్ పిల్లికూన ఒక కన్ను కొన్ని వారాలు మూసి ఉంచితే మెదడు కణాలు ఆ కంటికి స్పందించడం దాదాపు మానివేస్తాయని చూపారు. 2009లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఆరు వారాలు బంతులు ఎగరేసి పట్టడం నేర్చిన పెద్దవాళ్ళ మెదడులో తెల్లని పోగుల తీరు మారిందని చూపారు.

అదే సంవత్సరం 'నేచర్' పత్రికలో వచ్చిన అధ్యయనం మన లాంటి వారికి మరీ దగ్గరిది. కొలంబియాలో అడవుల్లో గెరిల్లాలుగా గడిపి, ఆయుధాలు దించి మామూలు జీవితంలోకి వచ్చిన యువకులు చాలామందికి చిన్ననాడు బడి లేదు. ఇరవై ఏళ్ళు దాటాక అక్షరాలు నేర్చుకున్న 20 మంది మెదళ్ళను, ఇంకా నేర్చుకోని 22 మంది మెదళ్ళతో పోల్చారు. చదువు నేర్చినవారిలో అనేక చోట్ల బూడిదరంగు పదార్థం ఎక్కువగా ఉంది. తెల్లని పోగులు ఎక్కువగా కనిపించిన చోటు కార్పస్ కలోసం వెనుక కొస. 1892లో దెజెరిన్ రోగిలో ఏ వంతెన కొస చెడి చదువు పోయిందో, 2009లో అదే కొస చదువుతో బలపడినట్టు తేలింది!

2017లో మరో అధ్యయనం వచ్చింది. దాన్ని హైదరాబాదు విశ్వవిద్యాలయ పరిశోధకుడు కూడా ఉన్న బృందం చేసింది. ఉత్తరప్రదేశ్‌లో లక్నో పరిసర గ్రామాలకు చెందిన, ఎక్కువగా ముప్పై ఏళ్ళ ప్రాయపు స్త్రీలకు, ఆరు నెలలు దేవనాగరి అక్షరాలు నేర్పారు. మెదడు పై పొరలోని దృశ్య భాగానికీ, లోతున ఉండే పాత భాగాలకూ మధ్య క్రియాత్మక సంబంధం మారింది. లిపి పుట్టి కొన్ని వేల ఏళ్ళే అయింది. చదవడం కోసమే అల్లిన మెదడు ఏ తల్లి కడుపునా పుట్టలేదు. చదువు సమాజం చేతి పని. అది పలకా బలపం ద్వారా మెదడు లోతుల్లోకి దిగుతుంది.

9. మన పని

ఇక్కడ ఒక ఎదురు ప్రమాదం ఉంది. మెదడు మారుతుందన్న మాటను అమ్ముకునేవారు తయారయ్యారు. "ఎవరి మెదడును వారే మార్చుకోవచ్చు, కష్టపడితే చాలు" అని వారు చెబుతారు. ఇది ఫ్లూరెన్స్ ఆత్మ కొత్త చొక్కా తొడుక్కుని రావడమే. గర్భిణికి అయోడిన్ అందకపోతే బిడ్డ మెదడు దెబ్బతింటుంది. పసితనంలో ఆకలి, రక్తహీనత, సీసపు విషం అల్లిక మీద మచ్చ వేస్తాయి. బడికి రాని పిల్లవాడి మెదడు మారే శక్తి వల్ల బడి దానంతటది వాడి దగ్గరకు నడిచిరాదు. కాలువ తవ్వకుండా నీటి గుణగానం చేసి లాభం లేదు. మార్పుకు భౌతిక పరిస్థితులు కావాలి. ఆ పరిస్థితులు ఎవరి చేతిలో ఉన్నాయన్నది నాడీశాస్త్ర ప్రశ్న కాదు, రాజకీయ ప్రశ్న.

సాహిత్య విమర్శకులకు కూడా ఇందులో పాఠం ఉంది. రచయిత పుట్టిన వర్గమో కులమో తెలుసుకుని, రచన చదవకుండానే తీర్పు చెప్పే విమర్శ మన మధ్య లేకపోలేదు. అది తల తడిమి గుణం చెప్పడమే. రచయిత నిలబడిన నేలతో రచనకు పనే లేదనే విమర్శ, పోగులు లేని ఆలోచనను ఊహించడమే. పునాది ఏ దారులు తెరిచి ఉంచిందో, ఏవి మూసిందో తెలుసుకోవాలి. ఆ దారుల్లో ఈ రచన ఎటు నడిచిందో రచనలోనే చూడాలి. ఆ నడకతో పాత దారి ఏమైనా వెడల్పయిందా అనీ అడగాలి.

1990 దశకం తొలినాళ్ళలో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రిళ్ళు లాంతరు ముందు కూర్చుని అక్షరాలు దిద్దిన కూలి స్త్రీలు ఉన్నారు. వాళ్ళ మెదళ్ళను ఏ యంత్రమూ చిత్రించలేదు. వాచకంలో సారా గురించిన పాఠం చదివారు, తమ ఇళ్ళ గురించి మాట్లాడుకున్నారు, దూబగుంటలో లేచి వెళ్ళి సారా దుకాణం మూయించారు. ఆ కదలిక రాష్ట్రమంతా పాకింది. ఆ స్త్రీల తలల్లో ఏ పోగు బలపడిందో చూపే పటం రేపు ఎవరైనా గీయవచ్చు. ఆ పటంలో దుకాణం దాకా నడిచిన దారి ఉండదు. ఆ దారిని వాళ్ళు కలిసి నడిచి వేసుకున్నారు.